ఏటి తక్కువైంది?

పెళ్ళైన మూడోనాడు
ఇల్లు అంటుకుందని వీధిలోకి పరిగెత్తాను.
పక్కింటి సులోచనా మావుసీ గుమ్మం పట్టుకుని నవ్వింది,
"ఇల్లు కాదే పిల్లా, నీ మొగుడు కొమ్ము కాపుతున్నాడు."

గేదె కొమ్ము వేడెక్కితే వెంట్రుక కాలిన కంపు.
పందొమ్మిదేళ్ళుగా నా చీరల మడతల్లో అదే,
పప్పుచారులో అదే, పిల్ల పుస్తకాల అట్టల్లో అదే.
పర్లాకిమిడి పెద్దాసుపత్రిలో నైట్ డ్యూటీకి వెళ్తే
కొత్తగా వచ్చిన డాక్టరు ముక్కు ఎగబీల్చి
ఏదో ప్లగ్గు మాడుతోంది చూడండి సిస్టర్ అంటాడు.
నేనూ అతనితోపాటు గోడలు వెతుకుతాను.

మా కూర్మారావు రోజుకో మాట మాట్లాడితే గొప్ప.
"ఒక్క నిమిషం" అన్నదే ఆ మాట.
ఆ నిమిషంలో
పాలు పొంగిపోయాయి, గుణుపూర్ రైలు వెళ్ళిపోయింది,
మా నాన్న పెద్దకర్మకి చివరి బంతి లేచిపోయింది,
బడి గేటు మూసేశాక
మా వైజయంతి వాచ్‌మన్ స్టూలు మీద నిద్రపోయింది.

పెళ్ళైన ఏడు ఒక దువ్వెన అడిగాను.
చేశాడు. ఇవ్వలేదు.
పళ్ళు ఇంకా సన్నం కావాలట.
మేకుకి వేలాడుతూ అది ఏటికేడు సన్నబడుతోంది,
అద్దంలో నా జడ కూడా.

భువనేశ్వర్ నుంచి సేట్లు వస్తారు.
నెమలిని తలకిందులుగా పట్టుకుని
అడుగున బీటలున్నాయేమో చూస్తారు.
డబ్బు దసరా తర్వాత అంటారు,
ఏ దసరా అన్నది చెప్పరు.
ఒడియాలో నవ్వుతూ సాగనంపి
తెలుగులో తిట్టుకుంటూ టీ గ్లాసులు కడుగుతాను.
జీతం నాది. కరెంటు బిల్లు నా పేరు మీదే.
ఎగ్జిబిషన్లో కప్పిన శాలువా మాత్రం ఆయనది.
పుష్యమాసంలో అదీ నేనే కప్పుకుంటాను.

తిత్లీ వచ్చిన రాత్రి
మహేంద్రతనయ రోడ్డెక్కింది.
టార్చి పళ్ళ మధ్య పట్టుకుని
ఇద్దరు పిల్లల్ని బయటికి తీశాను, ఇద్దరూ ఏడ్చారు.
తెల్లారుతుండగా
నడుంలోతు నీళ్ళలో వచ్చాడు మనిషి, నెత్తిమీద సంచి.
అన్నం అనుకున్నాను. పొడి చీర అనుకున్నాను.
విప్పితే సగం చెక్కిన కొంగ, రెండు ఆకురాళ్ళు.
"కప్పెగిరిపోనాది. ఇదొక్కతే మిగిలింది."
పిల్లేదీ?
"మావుసీ ఇంట్లోన పడుకుంది."
కొంగ సంగతి ముందు, పిల్ల సంగతి తర్వాత.
ఆ వరస నేను ఇప్పటికీ మర్చిపోలేదు,
ఆయనకి చెప్పనూ లేదు.

అయితే ఒకటుంది.
రాత్రి ఏ రెండింటికో
కాలి బొటనవేలు పట్టుకుని లేపుతాడు.
బల్బు కింద ఏదో నిలబడి ఉంటుంది, నూనె గుడ్డ తగిలి
లోపలెక్కడో దీపం పెట్టినట్టు నల్లగా.
మొన్న రాత్రి చూద్దును కదా, ఆ వరదనాటి కొంగ!
ఇన్నేళ్ళూ ఏ మూల దాచాడో.
"ఏటి తక్కువైంది?" అన్నాడు.

గ్యాసు బండ. మూడు నెలల అద్దె.
వైజయంతి కాలేజీ ఫీజులో సగం,
నా మోకాలికి ఎక్స్‌రే.
అన్నీ నాలిక చివరిదాకా వచ్చాయి.
కళ్ళు నులుముకుని బల్ల చుట్టూ ఒకసారి తిరిగాను.
ఇంకోసారి తిరిగాను.
"మెడ," అన్నాను.
"చేపని చూసిన కొంగకి మెడ అలా నిటారుగా ఉండదు."

కలెక్టరు చెప్పినా వినడు ఈ మనిషి.
కొంగ వైపు చూశాడు, నా మెడ వైపు చూశాడు,
గొంతుక్కూచుని కుంపటి రాజేశాడు.

ఆరింటికి డ్యూటీ.
పొగ మంచం దాకా వచ్చింది.
కిటికీ అయినా తియ్యవయ్యా అని కేకేశాను.
"ఒక్క నిమిషం" అన్నాడు.